తిరిగి కట్టక్కర్లేని డబ్బు: నా జేఆర్‌ఎఫ్ అనుభవం

జేఆర్‌ఎఫ్ అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. అదేంటో ఇంట్లో చెప్పినప్పుడు మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "తిరిగి ఎప్పుడు కట్టాలమ్మాయ్?" అని.

నవ్వొచ్చింది కానీ ఆయన అనుమానంలో తప్పేం లేదు. మాది చీరాల దగ్గర ఒక చేనేత ఊరు. నాన్న షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుని నేస్తారు, ఆ అడ్వాన్సు పూర్తిగా తీరిన రోజు నాకు తెలిసి ఒక్కటీ లేదు. అలాంటి మనిషికి పోయి, "నాన్నా, ఒక పరీక్ష రాస్తే గవర్నమెంటు వాళ్ళు ఐదేళ్ళు నెలనెలా డబ్బులిచ్చి మరీ పీహెచ్‌డీ చేయిస్తారంట" అని చెబితే, వెనక ఏదో మెలిక ఉందనే అనుకుంటాడు. "ఊరికే ఎవరిస్తారమ్మా, ఏదో ఒకటి రాయించుకుంటారు చూడు" అన్నారు. ఆ మాట తర్వాత ఏడాదిన్నర పాటు నాకు చాలాసార్లు గుర్తొచ్చింది, ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు నా సంగతి. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ అయ్యాక పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో, చేరాను. జీతం చేతికి ఇరవై రెండు వేలు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000 (2023 జనవరి నుంచి పెంచారు, అంతకుముందు 31,000, 35,000 ఉండేది). హాస్టల్లో ఉండకపోతే ఇంటద్దె కూడా విడిగా ఇస్తారు. అంటే నేను ఉద్యోగం చేస్తే వచ్చేదాని కంటే చదువుకుంటే వచ్చేది ఎక్కువ. రీసెర్చ్ మీద ప్రేమ అని ఇంటర్వ్యూల్లో చెప్తాం గానీ, మొదట నన్ను లాగింది మాత్రం ఈ లెక్కే. ప్రేమ తర్వాత వచ్చింది, వచ్చింది నిజమే.

చదవడానికి టైం ఎక్కడ? నైట్ షిఫ్ట్ పది నుంచి ఆరు. హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏ రసాయనం ఎంతుందో చూపే యంత్రం) మీద సీక్వెన్స్ పెట్టేసి రన్ అయ్యేదాకా కూర్చోవాలి, కళ్ళు మూసుకుపోతుంటాయి, చదువుకోవడానికి అంతకంటే మంచి టైం ఉండదు అనిపిస్తుంది. కానీ ల్యాబులోకి ఫోన్ తీసుకెళ్ళకూడదు, పుస్తకం సరే సరి, చిత్తుకాగితం ముక్క కనబడినా ఆడిట్‌లో పెద్ద గొడవ. కాబట్టి ఏం చేసేదాన్నంటే, కంపెనీ బస్సులో ఒక పేజీ చదివి దాన్ని బుర్రలో పెట్టుకుని లోపలికెళ్ళేదాన్ని. పెరిసైక్లిక్ రియాక్షన్లు మొత్తం అలాగే నేర్చుకున్నాను, గ్లౌజు వేసుకున్న అరచేతి మీద వేలితో గీసుకుంటూ, 4ఎన్ ఎలక్ట్రాన్లు, వేడితో అయితే కాన్‌రొటేటరీ, కాంతితో అయితే డిస్‌రొటేటరీ. మా షిఫ్ట్ ఇన్‌చార్జి ఒకసారి చూసి, "ఏంటమ్మా, చెయ్యి దురదా?" అని అడిగారు.

జేఆర్‌ఎఫ్ కోసం మొదటిసారి రాసింది 2023 డిసెంబరులో జరిగిన సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, సైన్సు సబ్జెక్టుల వాళ్ళు రాసే పరీక్ష. ఫారం నింపేటప్పుడే తప్పు చేశాను. మేము బీసీ-బి. నా దగ్గర ఉన్నది ఇంటర్లో తీసుకున్న కుల ధ్రువీకరణ పత్రం. ఫారంలో అడిగింది కేంద్ర జాబితా ప్రకారం ఓబీసీ, అందులోనూ నాన్ క్రీమీ లేయర్ (ఎన్‌సీఎల్), అంటే ఆదాయం పరిమితి దాటని కుటుంబం. రెండూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు, కాదు. మన రాష్ట్రంలో ఏ, బీ, సీ, డీ, ఈ అని ఉండే బీసీ సర్టిఫికెట్ వేరు, కేంద్రం పరీక్షలకు పనికొచ్చే ఓబీసీ-ఎన్‌సీఎల్ వేరు, దాని నమూనా వేరు, పైగా ఆదాయం మారుతుంది కాబట్టి ఏ ఏడాదికి ఆ ఏడాది తాజాగా తీసుకోవాలి. ఇది నాకు గడువు ఇంక నాలుగు రోజులుందనగా తెలిసింది. సెలవు దొరకదు, ఊరెళ్ళాలి, తిరగాలి. సర్లే, కష్టపడితే ఓపెన్‌లోనే కొట్టేస్తాం అని జనరల్ అని పెట్టేశాను. ఆ క్షణంలో అదేదో ఆత్మగౌరవం లాగా అనిపించింది. బద్ధకం.

పరీక్షకు మూడు వారాల ముందు సెలవు పెట్టి ఇంటికెళ్ళాను, కదలకుండా చదువుకుందామని. డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ముందు రోజు నుంచే వాన. మాది గుంట మగ్గం, కాళ్ళు పెట్టుకునే గుంటలో నీళ్ళు ఊరడం మొదలైంది. నాన్న, నేను బకెట్లతో తోడుతున్నాం, తోడిన కొద్దీ వస్తున్నాయి. పడుగు తడిస్తే గంజి పోయి దారాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆ చీర పోయినట్టే, అడ్వాన్సులో ఇంకో గీత. చివరికి పడుగు మొత్తం పాత చీరల్లో చుట్టి దూలానికి కట్టేశాం. కరెంటు లేదు. ఆ రాత్రి కొవ్వొత్తి పెట్టుకుని గ్రూప్ థియరీ తెరిచాను, క్యారెక్టర్ టేబుల్ మీద ఒక చుక్క నీళ్ళు పడి సీటూవీ అనే గ్రూపు పట్టిక చెరిగిపోయింది. ఇంకా ఆ పుస్తకం నా దగ్గరే ఉంది, ఆ మరక చూస్తే మా ఇంటి తడి గోడ వాసన వస్తుంది.

పరీక్ష రాశాను, బాగానే రాశాననుకున్నాను. సంక్రాంతి వెళ్ళాక ఫలితం వచ్చింది. జేఆర్‌ఎఫ్ జాబితాలో నా రోల్ నంబరు వెతికితే లేదు. రెండో జాబితాలో ఉంది, అంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగాలకు అర్హత మాత్రమే, ఫెలోషిప్ లేదు. జనరల్ జేఆర్‌ఎఫ్ కటాఫ్‌కి రెండున్నర మార్కులు తక్కువ. తర్వాత ఏం చూశానో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఓబీసీ కటాఫ్ చూశాను. నా మార్కులు దానికి పైనే ఉన్నాయి.

దీన్ని మా చుట్టాలు ఇంకోలా అర్థం చేసుకున్నారు. అమ్మ ఎవరికో "అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్వాలిఫై అయింది" అని చెప్పింది, వారం తిరిగేసరికి నేను ప్రొఫెసర్ని అయిపోయాను. పెద్దమ్మ ఫోన్ చేసి "ఏ కాలేజీ ఇచ్చారే?" అంటుంది. మా పిన్ని కొడుక్కి సీటు ఇప్పించమని కూడా ఒకరు అడిగారు. నేనేమో రాత్రి పదికి ఆప్రాన్ వేసుకుని మొబైల్ ఫేజ్, అంటే ఆ యంత్రంలో పోసే ద్రావణం, కలుపుకుంటున్నాను.

2024 జూన్ పరీక్షకు దరఖాస్తులు మే నెలలో. ఈసారి సర్టిఫికెట్ లేకుండా ఫారం ముట్టుకోనని ఒట్టేసుకున్నాను. కానీ మే 13న ఎన్నికలు. ఊళ్ళో సచివాలయంలో సగం మంది, రెవెన్యూలో దాదాపు అందరూ ఎలక్షన్ డ్యూటీలో ఉన్నారు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, తిరిగింది మొత్తం నాన్నే. డిజిటల్ అసిస్టెంట్ దగ్గర అర్జీ ఎక్కించడం, వీఆర్వో విచారణ, ఆర్‌ఐ, ఆపైన తహసీల్దారు సంతకం, ఈ మెట్లన్నీ ఆయన మగ్గం ఆపుకుని ఎక్కారు. వీఆర్వో అడిగారంట, "ఏడాదికి ఆదాయం ఎనిమిది లక్షలు దాటదు గదా?" అని. మా నాన్న, "దాటితే నాక్కూడా కాస్త చెప్పండి సార్" అన్నారంట. ఇది నాన్న నాకు ఫోన్‌లో మూడుసార్లు చెప్పి మూడుసార్లూ నవ్వారు. పోలింగ్ అయిన వారానికి సర్టిఫికెట్ వచ్చింది. ఫీజు ఆరు వందలు కట్టి ఫారం పంపించాను. నా రెండో ప్రయత్నంలో సగం మార్కులు మా నాన్న చెప్పులకు వెయ్యాలి.

ఆ జూన్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా హాస్టల్ రూమ్మేట్‌ది హిస్టరీ, జూన్ 18న యూజీసీ నెట్ (హిస్టరీ లాంటి సబ్జెక్టుల వాళ్ళు రాసే నెట్) రాసొచ్చింది. ఓఎంఆర్ షీట్ మీద బాగా దిద్దానని సంతోషంగా బిర్యానీ కూడా తెప్పించింది. మర్నాడు రాత్రి పరీక్ష రద్దు అని వార్త. పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది, పలకరిస్తే పలకలేదు. నేను పెద్ద ఆరిందాలాగా పక్కన కూర్చుని, "మళ్ళీ పెడతార్లేవే, నువ్వు చదివింది ఎక్కడికీ పోదు" అని చెప్పాను. నాది 25 నుంచి 27 మధ్యలో ఉంది. 21వ తేదీ శుక్రవారం. కంపెనీలో నాలుగు రోజులు సెలవు సంపాదించడానికి రెండు ఆదివారాలు డ్యూటీ చేశాను, అప్పుడే సామాను సర్దుకుంటున్నాను. రూమ్మేట్ ఫోన్ చూస్తూ నెమ్మదిగా, "నీది కూడా వాయిదా" అంది. నేను చెప్పిన మాటలు తిరిగి నాకు చెప్పకుండా ఊరుకుంది, ఆ ఒక్కదానికి దానికి జన్మంతా రుణపడి ఉంటాను.

ఎప్పటికి వాయిదా? ముందు అది కూడా చెప్పలేదు. నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైన ఎదురుచూపు ఇదే, ఫలితం కోసం చూడ్డం కాదు. ఫలితం కోసం చూసేటప్పుడు మన పని అయిపోయి ఉంటుంది. పరీక్ష తేదీ తెలియకపోతే పుస్తకం మూయలేం, తెరవలేం. అప్పటికే మూడుసార్లు రివైజ్ చేసింది నాలుగోసారి చదువుతుంటే అన్నం మళ్ళీ వేడి చేసుకుని తిన్నట్టుంటుంది. చివరికి జూలై 25 నుంచి 27 అన్నారు. సెలవు మళ్ళీ అడగడానికి వెళ్తే ఇన్‌చార్జి గారు, "ఈసారైనా ఖాయమేనా అమ్మా?" అన్నారు. నన్నడిగితే నేనేం చెప్పను.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ ఒకేలా ఉంటుంది. మూడు గంటలు, రెండు వందల మార్కులు. కెమికల్ సైన్సెస్‌లో మొత్తం 120 ప్రశ్నలిస్తారు, అందులో 75 రాస్తే చాలు. అసలు ఆట పార్ట్ సీలో. అరవై ప్రశ్నల్లో మనకు ఇష్టమైన ఇరవై ఐదు రాయొచ్చు, ఒక్కోటి నాలుగు మార్కులు, తప్పయితే ఒకటి పోతుంది. మొదటిసారి ఇరవై ఐదూ నింపాలన్న ఆత్రంలో గుడ్డిగా పెట్టి పోగొట్టుకున్నాను. రెండోసారి పద్దెనిమిది దగ్గర ఆపేశాను. మిగిలిన ఇరవై నిమిషాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, మౌస్ ముట్టుకుంటే ఏదో ఒకటి నొక్కుతానని భయం.

ఆగస్టులో కీ వచ్చింది. మనం పెట్టిన జవాబులు, వాళ్ళ ప్రాథమిక కీ, రెండూ పక్కపక్కన పెట్టుకుని లెక్కేసుకోవాలి. నేను మొదటిసారి లెక్కేస్తే ఒక టోటల్, రూమ్మేట్ వేస్తే ఇంకో టోటల్, మళ్ళీ ఇద్దరం కలిసి వేస్తే మూడోది. టోటల్ ఎంతో ఇక్కడ రాయను, రాస్తే మీరు కటాఫ్ పక్కన పెట్టి చూస్తారు, నాకు సిగ్గు. ఒక ఎన్‌ఎంఆర్ ప్రశ్న దగ్గర మాత్రం ఇరుక్కుపోయాను. నేను పెట్టింది కరెక్ట్ అని నా నమ్మకం, కీలో వేరే ఉంది. పార్ట్ సీ ప్రశ్న కాబట్టి కీ మారితే పోయిన ఒకటి వెనక్కొస్తుంది, పైన నాలుగు కలుస్తాయి. ఒక్క ప్రశ్న, ఐదు మార్కులు. పోయినసారి నాకు తక్కువైంది రెండున్నర. అభ్యంతరం పెట్టడానికి ప్రశ్నకు రెండు వందలు, తిరిగి ఇవ్వరు. దాంతో పాటు పార్ట్ బీలో ఇంకోటి, మొత్తం నాలుగు వందలు కట్టాను. పుస్తకంలో పేజీ ఫొటో తీసి జత చేశాను. మన అభ్యంతరం ఒప్పుకున్నారా లేదా అని మనకు విడిగా చెప్పరు, ఫైనల్ కీలో మనమే వెతుక్కోవాలి.

ఆ తర్వాత రోజులు గుర్తు తెచ్చుకుంటే నాకు పనులు గుర్తొస్తాయి గానీ మనసు గుర్తు రాదు. కాలమ్ కడగడం, లాగ్ బుక్, బస్సు, పడక. పొద్దున లేచీ లేవగానే సైటు తెరవడం, పాత నోటీసే కనబడటం. పోయిన సంవత్సరాల కటాఫ్‌లన్నీ ఒక కాగితం మీద రాసి మంచం పక్కన అంటించాను, రెండు రోజులకు తీసేశాను. అమ్మ రోజూ అడగడం మానేసి, "తిన్నావా?" దగ్గర ఆగిపోయేది, ఆ తర్వాత ఒక నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దమే అసలు ప్రశ్న. పెళ్ళి సంబంధం ఒకటి వచ్చిందని, రిజల్టు వచ్చాక మాట్లాడదామని వాళ్ళకు చెప్పామని పెద్దమ్మ ద్వారా తెలిసింది. అంటే నేనే కాదు, ఎవరో నాకు తెలియని వాళ్ళు కూడా ఈ ఫలితం కోసం ఎదురుచూస్తున్నారన్నమాట!

వినాయక చవితి వెళ్ళిన వారంలో, పందిళ్ళు ఇంకా తీయకముందే ఫలితం వచ్చింది. ఏడాదిన్నర చూసి చూసి, అది వచ్చే సమయానికి నేను ల్యాబులో, నా ఫోన్ లాకర్లో. పొద్దున ఆరింటికి బయటికొచ్చి చూస్తే రూమ్మేట్ నుంచి పదిహేడు మిస్డ్ కాల్స్. దానికి నా అప్లికేషన్ నంబరు, పుట్టినతేదీ తెలుసు. వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపింది, బస్సులో సిగ్నల్ లేదు, బొమ్మ మసగ్గా, మధ్యలో ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది. ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర తెరుచుకుంది. జేఆర్‌ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్, రెండూ. పక్క సీటులో మైక్రోబయాలజీ అమ్మాయి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. లేపలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంటికి ఫోన్ చేస్తే నాన్న, "అయితే నాలుగు వందలు దండగ కాలేదు" అన్నారు. (అయ్యాయి నిజానికి. ఎన్‌ఎంఆర్ ప్రశ్న కీ మారలేదు, అది లేకుండానే వచ్చింది. ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.) హాస్టల్లో సంబరం చేసుకోవడానికి మనసొప్పలేదు, రూమ్మేట్ అప్పటికి వారం ముందే రెండోసారి పరీక్ష రాసొచ్చింది, ఇంకా ఫలితం రాలేదు. దసరా వెళ్ళాక వచ్చింది. ఆ ఏడాది నుంచే నెట్‌లో మూడు రకాలు పెట్టారు, జేఆర్‌ఎఫ్‌తో అసిస్టెంట్ ప్రొఫెసర్, జేఆర్‌ఎఫ్ లేకుండా అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో పీహెచ్‌డీ ప్రవేశం, మూడోది కేవలం పీహెచ్‌డీ ప్రవేశం. దానికి మూడోది వచ్చింది. రద్దయిన పరీక్షలో ఎంత వచ్చేదో దానికి ఎప్పటికీ తెలియదు.

ఫలితం వస్తే ఎదురుచూపు అయిపోతుందనుకున్నాను. పరీక్ష నెల వెనక్కి పోయింది కాబట్టి చాలాచోట్ల జూలై, ఆగస్టు ప్రవేశాలు అప్పటికే ముగిశాయి. జనవరి దాకా ఆగాలి. నవంబరులో, డిసెంబరులో ఇంటర్వ్యూలు, ఒకచోట ముగ్గురు మాస్టార్లు నన్ను హెచ్‌పీఎల్‌సీ మీదే అరగంట అడిగారు, మూడేళ్ళ నైట్ షిఫ్ట్ అక్కడ అక్కరకొచ్చింది. 2025 జనవరిలో హైదరాబాద్‌లోనే ఒక విశ్వవిద్యాలయంలో చేరాను. చేరేటప్పుడు కాగితాల కట్టలో ఒకటి సంతకం పెట్టమన్నారు, నాకు వేరే ఉద్యోగం లేదని, వేరే ఏ ఫెలోషిప్ తీసుకోవడం లేదని. నాన్న వెంట వచ్చారు, ఆ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి, "చూశావా, రాయించుకున్నారు" అన్నారు.

డబ్బులు మాత్రం ఫిబ్రవరిలో పడలేదు, మార్చిలో పడలేదు. నాది యూజీసీ జేఆర్‌ఎఫ్. అంటే డబ్బులిచ్చేది యూజీసీ. ప్రతి నెలా మేము చదువుతున్న చోటు నుంచి, ఈ అమ్మాయి వస్తోంది, పని చేస్తోంది అని పోర్టల్‌లో ధ్రువీకరించాలి. ఒకరు వివరాలు ఎక్కిస్తారు, ఆయన్ని మేకర్ అంటారు. ఇంకొకరు ఆమోదిస్తారు, ఆయన చెకర్. మేకర్ ఉన్నరోజు చెకర్ సెలవు. చెకర్ వచ్చినరోజు మేకర్ లాగిన్ పనిచేయదు. కంపెనీలో దాచుకున్న డబ్బులతో మెస్ బిల్లు కట్టుకుంటూ మే దాకా లాగాను. మేలో అన్ని నెలలవీ కలిపి ఒకేసారి పడ్డాయి. కొత్తగా చేరేవాళ్ళెవరైనా ఉంటే నాలుగైదు నెలలకు సరిపడా డబ్బు చేతిలో పెట్టుకుని చేరండి, ఇది ఎవరూ ముందు చెప్పరు.

ఇప్పుడు అమ్మ ఫోన్ చేసినప్పుడు "తిన్నావా?" తర్వాత ప్రశ్న మారింది. మొన్న కూడా అడిగింది, "ఈ నెలది పడిందా?"

"మేకర్ అయిందంటమ్మా, చెకర్ దగ్గర ఉంది."

వెనక నుంచి నాన్న గొంతు, మగ్గం చప్పుడు మధ్యలో: "పోయి అడగమను. మనం అడక్కపోతే ఏ షావుకారూ ఇవ్వడు."